టీ-షర్టు మీద నాలుగో పేరు: పంక్ బ్యాండ్‌లో ఒకరి బదులు ఇంకొకరు వస్తే అసలేం మారుతుంది

రమోన్స్ అనే అమెరికన్ పంక్ (వేగంగా, మొరటుగా సాగే రాక్ సంగీతం) బ్యాండ్ టీ-షర్టు చూడనివాళ్లు తక్కువ. నల్ల బట్ట మీద తెల్లగా గద్ద బొమ్మ, దాని ఒక కాలి గోళ్లలో బేస్‌బాల్ బ్యాటు, రెండో కాలిలో ఆపిల్ కొమ్మ, చుట్టూ గుండ్రంగా నాలుగు పేర్లు. అమెరికా అధ్యక్షుడి అధికార ముద్రను కొంటెగా మార్చి ఆర్టురో వేగా గీసిన బొమ్మ అది. ఆ బ్యాండ్ పాట ఒక్కటీ వినకుండానే ఆ చొక్కా వేసుకు తిరిగేవాళ్లు కోకొల్లలు. ఈసారి ఎవరి ఒంటి మీదైనా కనబడితే పేర్లు చదవండి. జానీ, జోయీ ఎప్పుడూ ఉంటారు. డ్రమ్మర్ పేరుండే చోట కొన్నిటి మీద టామీ ఉంటుంది, కొన్నిటి మీద మార్కీ. డీ డీ ఉండాల్సిన చోట ఒక్కోసారి సీజే కనబడతాడు.

1974లో న్యూయార్క్‌లోని క్వీన్స్ ప్రాంతంలో మొదలై 1996 ఆగస్టు 6న హాలీవుడ్‌లో చివరి కచేరీ చేసేవరకు రమోన్స్ 2,263 కచేరీలు చేశారు. వేదిక మీద దాదాపు ఎప్పుడూ నలుగురే. కానీ 'రమోన్' అన్న ఇంటిపేరు పెట్టుకున్నవాళ్లు మొత్తం ఎనిమిది మంది. మొదటినుంచి చివరిదాకా ఉన్నది ఇద్దరే, గాయకుడు జోయీ, గిటారిస్టు జానీ.

ఈ ఇంటిపేరు లెక్క ఇప్పుడు మళ్లీ పనికొస్తోంది. 2024 ఆగస్టులో లండన్‌లోని బుష్ హాల్‌లో ఇంగ్లండ్ పంక్ బ్యాండ్ సెక్స్ పిస్టల్స్ వేదికెక్కినప్పుడు పాత గాయకుడు జాన్ లైడన్ స్థానంలో ఫ్రాంక్ కార్టర్ పాడాడు. ఆ బ్యాండ్ మొదటిసారి విడిపోయిన ఆరేళ్లకు పుట్టినవాడు. 2025లో అమెరికన్ పంక్ బ్యాండ్ బ్లాక్ ఫ్లాగ్ గిటారిస్టు గ్రెగ్ గిన్ తనకన్నా ఎంతో చిన్నవాళ్లయిన ముగ్గురిని తీసుకుని అదే పేరుతో రోడ్డెక్కాడు. ప్రతిసారీ అదే తగవు. ఇది ఆ బ్యాండేనా? ఆ తగవు తెగకపోవడానికి కారణం, 'బ్యాండ్‌లో చేరాడు' అన్న ఒక్క మాటలో చాలా వేర్వేరు సంగతులు ఇరుక్కుని ఉండటం.

చేరడం అంటే ఏమేం దక్కినట్టు?

ఒక ఇంట్లో అద్దెకు దిగినవాడూ ఆ ఇంట్లోనే ఉంటాడు, దస్తావేజులో పేరున్నవాడూ ఆ ఇంట్లోనే ఉంటాడు. వీధిలో పోయేవాడికి తేడా తెలియదు. బ్యాండ్ కూడా అంతే. కొత్తగా వచ్చినవాడికి ముందు దక్కేది కుర్చీ, అంటే ఫలానా వాయిద్యం వాయించే పని. పాట రాసినందుకు వచ్చే హక్కు వేరు, దాన్ని కలం అందాం. బ్యాండ్ పేరు మీద హక్కు ఇంకొకటి, చట్టం దృష్టిలో అది ట్రేడ్‌మార్క్. చివరిది వాటా, అంటే బ్యాండ్ నడిపే కంపెనీలో లేదా భాగస్వామ్యంలో భాగం. కుర్చీ ఇచ్చినంత మాత్రాన మిగతావి వెంట రావు. ఒక్కోసారి మనిషి కుర్చీ వదిలి వెళ్లినా కలం హక్కు అతని వెంటే పోతుంది.

పంక్‌లో ఈ గందరగోళం మరీ ఎక్కువ. ఎందుకంటే పంక్ పుట్టిందే 'ఎవరైనా వాయించొచ్చు' అన్న మాట మీద. ఎవరైనా వాయించగలిగితే ఎవరినైనా మార్చొచ్చు కదా అనిపిస్తుంది. తీరా కుర్చీలో కూర్చున్నాక సంగతి వేరు.

కుర్చీ: చూడ్డానికి తేలిక, చేతికి యమయాతన

జానీ రమోన్ మోస్‌రైట్ గిటార్ మీద బారే కార్డులు (ఒకే వేలితో తీగలన్నీ అదిమి పట్టేవి) పట్టి, కుడి చేత్తో పై నుంచి కిందకే మీటేవాడు. కింది నుంచి పైకి మీటడం లేదు. చాలామంది గిటారిస్టులు కిందకొకసారి, పైకొకసారి మీటి సగం శ్రమ తగ్గించుకుంటారు. కానీ పైకి మీటినప్పుడు పిక్, అంటే మీటే బిళ్ల, ముందు సన్న తీగలకు తగులుతుంది, దెబ్బ పలచబడుతుంది. అన్నీ కిందకే మీటితే ప్రతి దెబ్బా లావు తీగల మీద నుంచే మొదలై ఒకే బరువుతో పడుతుంది. రమోన్స్ శబ్దం గోడలా వినబడటానికి సగం కారణం ఇదే.

ఇప్పుడు లెక్క చూడండి. 'బ్లిట్జ్‌క్రీగ్ బాప్' రికార్డింగు వేగం నిమిషానికి సుమారు 176 బీట్లు. బీటుకు రెండు దెబ్బలు, అంటే నిమిషానికి 352, సెకనుకు దాదాపు 6. రెండు నిమిషాల పాటలు 30 వాయిస్తే 21,000 పైచిలుకు దెబ్బలు, అన్నీ ఒకే దిశలో. కచేరీలో వేగం ఇంకా పెరుగుతుంది. నిమిషానికి 200 బీట్లయితే సెకనుకు 6.7 దెబ్బలు. మోచేతి నుంచి ఊపేవాడికి నాలుగో పాటకే ముంజేయి గట్టిపడిపోతుంది. మణికట్టు వదులుగా ఉంచి, పిక్ కొన మాత్రమే తీగకు తగిలేలా పట్టినవాడే కచేరీ చివరిదాకా నిలబడతాడు.

డ్రమ్మర్ పరిస్థితీ ఇదే. కాలితో కొట్టే కిక్ డ్రమ్ 1, 3 బీట్ల మీద, చేత్తో కొట్టే స్నేర్ డ్రమ్ 2, 4 మీద. చెప్పడానికి ఇంతే. కానీ కుడి చేయి హై-హ్యాట్ అనే జంట తాళాల మీద బీటుకు రెండు చొప్పున, అంటే నిమిషానికి అవే 352 దెబ్బలు, ఆపకుండా కొట్టాలి. అలసిపోయిన డ్రమ్మర్ చేసే మొదటి మోసం బీటుకు ఒక్క దెబ్బకు దిగిపోవడం. వేగం మారదు, కానీ పాట సగం నిద్రపోయినట్టు వినబడుతుంది. గిటార్ కింద పరిచిన చాప సగం లాగేసినట్టే. రెండో తప్పు, ఖాళీ దొరికిన చోటల్లా తనకొచ్చిన విన్యాసమంతా చూపించడం. ఆ విన్యాసం ముగిసే క్షణంలో లయ ఒక వెంట్రుకవాసి జారినా బేస్, గిటార్ రెండూ తడబడతాయి.

ఈ బాణీ కనిపెట్టిన టామీ నిజానికి డ్రమ్మరే కాదు. బుడాపెస్ట్‌లో పుట్టి, స్టూడియో పని తెలిసినవాడు. బ్యాండ్ వ్యవహారాలు చూద్దామని వచ్చాడు. మొదట్లో డ్రమ్స్ వాయించిన జోయీని గాయకుడిగా ముందుకు జరిపాక, పరీక్షకు వచ్చిన డ్రమ్మర్లెవరూ కావలసినంత సాదాగా వాయించలేకపోయారు. దాంతో టామీయే కూర్చున్నాడు. ఎక్కువ తెలియకపోవడం అక్కడ అర్హత అయింది.

1978లో కచేరీ పర్యటనలు భరించలేక టామీ తప్పుకున్నాడు. రికార్డుల నిర్మాణంలో మాత్రం కొనసాగాడు. కుర్చీలోకి మార్క్ బెల్ వచ్చి మార్కీ రమోన్ అయ్యాడు. డస్ట్ అనే బరువైన రాక్ బ్యాండ్‌లో, ఆ తర్వాత రిచర్డ్ హెల్ బ్యాండ్‌లో వాయించినవాడు. టామీ కన్నా ఎంతో ఎక్కువ తెలుసు. అతని పని తెలిసింది చూపించడం కాదు, దాచుకోవడం. మారిన మనిషి విజయవంతమయ్యాడంటే ముందున్నవాడి పరిమితిని తన ఇష్టంతో మోశాడన్నమాట. చాలామందికి ఇదే కొరుకుడు పడదు.

దీనికి ఎదురు ఉదాహరణ 1987లో దొరికింది. మార్కీ తర్వాత ఆ కుర్చీలోకి వచ్చిన డ్రమ్మర్ రిచీ ఉన్నట్టుండి వెళ్లిపోతే, ఒప్పుకున్న కచేరీల కోసం బ్లాండీ బ్యాండ్ డ్రమ్మర్ క్లెమ్ బర్క్‌ను పిలిచారు. 'ఎల్విస్ రమోన్' అని పేరు పెట్టారు. తన కాలంలో పేరు మోసిన రాక్ డ్రమ్మర్లలో అతనొకడు. ఆగస్టు 28, 29 తేదీల్లో రెండే రెండు కచేరీలు. రమోన్స్ వేగాన్ని అందుకోలేకపోయాడని, ఆ రెండూ ఘోరంగా నడిచాయని జానీ తేల్చేశాడు. మార్కీని మళ్లీ పిలిపించారు. నైపుణ్యం ఒక నిలువు నిచ్చెన అయితే బర్క్ పై మెట్టు మీదే ఉండాలి. కానీ ప్రతి బ్యాండ్‌కూ దాని సొంత నిచ్చెన ఉంటుంది.

కొత్తవాళ్లు చేసే ఇంకో పొరపాటు రికార్డు విని పాటలు నేర్చుకోవడం. వేదిక మీది పాట రికార్డులో ఉండదు. 1976 ఏప్రిల్‌లో వచ్చిన మొదటి ఆల్బం 14 పాటలు, 29 నిమిషాలు. మరుసటి ఏడాది డిసెంబరు 31న లండన్ రెయిన్‌బో థియేటర్‌లో రికార్డు చేసిన కచేరీ 28 పాటలు, సుమారు 54 నిమిషాలు. పాటల మధ్య విరామాలు, చప్పట్లు అన్నీ కలిపి పాటకు రెండు నిమిషాలు కూడా రాలేదు. 1991లో బార్సిలోనాలో రికార్డు చేసిన కచేరీకి వేగం ఇంకా పెరిగింది. అందుకే అనుభవమున్నవాళ్లు ఆల్బం పక్కన పెట్టి, కిందటి నెల కచేరీ టేపు అడుగుతారు. పాటకూ పాటకూ మధ్య నీళ్లు తాగే సమయం కూడా దొరకదు కాబట్టి, ఒక పాట ఆఖరి దెబ్బ నుంచి తర్వాతి పాట 'వన్ టూ త్రీ ఫోర్' వరకు ఉన్న ఆ రెండు మూడు సెకన్లను విడిగా సాధన చేయాలి. పాటలు వచ్చినవాళ్లు కూడా తప్పేది అక్కడే.

1989లో బేస్ వాయించే డీ డీ వెళ్లిపోయాక వచ్చిన సీజేకు ఆ 'వన్ టూ త్రీ ఫోర్' అరుపు కూడా కుర్చీతో పాటే సంక్రమించింది. జానీ కన్నా 17 ఏళ్లు చిన్నవాడు. అంతకుముందు అమెరికా మెరైన్ దళంలో ఉన్నవాడు. సెప్టెంబరు 30న ఇంగ్లండ్‌లోని లెస్టర్‌లో మొదటి కచేరీ చేశాడు. పాత అభిమానులకు డీ డీ లేని లోటు ఉండనే ఉంది, కానీ వేదిక మీద కాళ్లు ఎడంగా పెట్టి, బేస్ గిటార్ మోకాళ్ల దాకా వేలాడదీసి, కచేరీ అంతా కదిలే మనిషి మళ్లీ దొరికాడు.

కుర్చీలో చేయి కాకుండా బొమ్మ కూర్చుంటే

కుర్చీ నింపడమంటే ప్రతిసారీ వాయించడమేనా అంటే కాదు. 1977 ఫిబ్రవరిలో బేసిస్టు గ్లెన్ మ్యాట్‌లాక్ సెక్స్ పిస్టల్స్ నుంచి వెళ్లిపోయాక సిడ్ విషస్ వచ్చాడు. బేస్ వాయించడం దాదాపు రాదు. కానీ ఆ బ్యాండ్‌కు కావలసిన ముఖం, తెగింపు అతనిలో ఉన్నాయి. అదే ఏడాది అక్టోబరులో వచ్చిన ఆల్బంలో బేస్ చాలావరకు గిటారిస్టు స్టీవ్ జోన్సే వాయించుకున్నాడు. ఒక పాట మాత్రం మ్యాట్‌లాక్ ఉన్నప్పుడు చేసిన రికార్డింగు.

దీనివల్ల వినబడే తేడా ఒకటుంది. మ్యాట్‌లాక్ బేస్ గిటార్‌కు జవాబు చెబుతున్నట్టు సొంత రాగంతో నడిచేది. జోన్స్ తన గిటార్ స్వరాలనే కింది స్థాయిలో బేస్ మీద మళ్లీ మోపాడు. రెండూ ఒకే చేతివి, ఒకే పట్టు, ఒకే క్షణంలో పడతాయి. ఆ ఆల్బం ఇటుక గోడలా గట్టిగా ఉండటానికి అది కూడా కారణం. అంటే కొత్తవాడికి రాకపోవడం వల్లే ఆ శబ్దం పుట్టింది. ఇలాంటివి ఏ ఒప్పందంలోనూ రాసుకోలేరు.

కలం: మనిషి వెళ్లిపోయినా పాట వెళ్లదు

అదే ఆల్బంలోని 12 పాటల్లో 10 పాటలకు మ్యాట్‌లాక్ సహ రచయిత. బ్యాండ్‌లో లేడు, ముఖచిత్రాల్లో లేడు, కానీ అమ్ముడైన ప్రతి కాపీ మీదా అతని హక్కు నడుస్తూనే ఉంది. రమోన్స్‌లో డీ డీ కథ కూడా అంతే. 1989లో కుర్చీ వదిలేశాక కూడా బ్యాండ్‌కు పాటలు రాశాడు. 1992 ఆల్బంలో సీజే ముందుండి పాడిన రెండు పాటల రచనలోనూ డీ డీ చేయి ఉంది. వెళ్లినవాడి మాటలు, వచ్చినవాడి గొంతు.

క్లాష్ బ్యాండ్ ఉదాహరణ అన్నిటికన్నా విచిత్రం. టాపర్ హెడన్ 1977లో టెర్రీ చైమ్స్ బదులుగా వచ్చిన డ్రమ్మర్. 'రాక్ ద కస్బా' సంగీతం కట్టింది అతనే. స్టూడియోలో డ్రమ్స్, బేస్, పియానో మూడూ తానే వాయించాడు. 1982 మేలో మాదకద్రవ్యాల అలవాటు కారణంగా అతన్ని తీసేశారు. చైమ్స్‌నే మళ్లీ పిలిచారు. పాట అమెరికాలో పెద్ద హిట్టయ్యింది. వీడియోలో డ్రమ్స్ వెనక కనబడేది చైమ్స్. చూసేవాళ్లకు ఒకరు, వినేవాళ్లకు ఇంకొకరు.

మన పాఠకులకు ఈ తేడా కొత్తదేమీ కాదు. 2017 మార్చిలో ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం అమెరికా పర్యటనలో ఉండగా, తన అనుమతి లేకుండా తన పాటలు వేదిక మీద పాడవద్దంటూ ఇళయరాజా తరఫున నోటీసు వచ్చినప్పుడు ఎంత గొడవ జరిగిందో గుర్తుండే ఉంటుంది. గొంతు బాలుగారిది, కట్టినవాడి హక్కు ఇంకొకరిది అన్న మాట చాలామందికి అప్పుడే మొదటిసారి తలకెక్కింది.

డబ్బు లెక్కలో చూస్తే ఇంకా స్పష్టంగా కనబడుతుంది. 1986లో అమెరికా చట్టం ప్రకారం అమ్ముడైన ఒక్కో ప్రతికి ఒక్కో పాటకు రచయితకు దక్కాల్సింది 5 సెంట్లు. ఒక ఆల్బం లక్ష ప్రతులు అమ్ముడైందనుకుందాం. అందులో ఒక పాట రాసిన డ్రమ్మర్ ఖాతాకు 5,000 డాలర్లు. పబ్లిషర్‌తో సగం సగం ఒప్పందముంటే చేతికి 2,500. పాట రాయని డ్రమ్మర్‌కు ఈ దారిలో వచ్చేది సున్నా, అవే దెబ్బలు కొట్టినా.

ఇందులోనూ ఒక మెలిక ఉంది. అమెరికన్ రికార్డు కంపెనీలు తమ ఒప్పందాల్లో తరచుగా ఒక నిబంధన పెట్టేవి. కళాకారుడే రాసిన పాటకు చట్టం చెప్పిన రేటులో నాలుగింట మూడు వంతులే ఇస్తాం, అదీ ఆల్బంకు 10 పాటల వరకే అని. నిడివైన పాటలు చేసే బ్యాండ్‌కు దీనివల్ల పెద్ద నష్టం లేదు. రెండు నిమిషాల పాటలు 14 పెట్టే పంక్ బ్యాండ్‌కు? పూర్తి రేటు అయితే 14 పాటలకు ప్రతికి 70 సెంట్లు రావాలి. ఈ నిబంధన కింద 10 పాటలకు 3.75 చొప్పున 37.5 సెంట్లే. దాన్ని 14 పాటలకు పంచితే పాటకు 2.7 సెంట్లు కూడా పడదు. పాట చిన్నదైనకొద్దీ రచయిత నష్టపోయే వింత.

రమోన్స్ మొదటి ఆల్బంల మీద సొంత పాటలన్నీ బ్యాండ్ మొత్తం రాసినట్టుగానే అచ్చువేశారు. 1981 ఆల్బం నుంచి ఎవరు రాసిన పాటకు వాళ్ల పేరు. పైకి చిన్న మార్పే. కానీ ఆ తర్వాత చేరినవాడికి 'బ్యాండ్ పాట' అన్నది మిగలలేదు, తాను రాసిందే తనది. 1983లో వచ్చిన రిచీ ఈ మార్గాన్ని బాగా వాడుకున్నాడు. గట్టిగా రాసే డ్రమ్మర్ అతను.

వాటా: రిచీ గొడవ చొక్కాల దగ్గర ఎందుకొచ్చింది

చాలా బ్యాండ్‌ల కంపెనీ పాతవాళ్ల చేతిలో ఉంటుంది. కొత్తవాడికి వారానికింత జీతం, పర్యటనలో ఉన్నప్పుడు రోజు ఖర్చులు, రికార్డింగుకు విడిగా కొంత. ఇందులో అన్యాయమేమీ లేదనేవాళ్ల వాదన ఇది: పదేళ్ల పాటు వ్యాను వెనక పడుకుని పేరు సంపాదించినవాళ్లతో, పేరు వచ్చాక చేరినవాడికి సమాన భాగం ఎలా ఇస్తారు? నష్టమొస్తే భరించేది వాళ్లు, కొత్తవాడికి జీతం ఆగదు. ఎదుటి వాదనకూ బలముంది. కొత్తవాడు కేవలం కూలికి వచ్చినవాడైతే అతని ముఖం, పేరు అమ్ముకోకూడదు. ఇంటిపేరు ఇచ్చి, ఫొటోలో నిలబెట్టి, చొక్కా మీద అచ్చేసి, లెక్కల దగ్గర మాత్రం బయటివాడంటే ఎలా?

రిచీ సరిగ్గా ఇక్కడే తిరగబడ్డాడు. తన పేరున్న టీ-షర్టులు అమ్ముతూ ఆ డబ్బు మిగతావాళ్లు పంచుకోవడం అన్యాయమన్నాడు. భాగం అడిగాడు, ఇవ్వలేదు, 1987 ఆగస్టులో వెళ్లిపోయాడు. రమోన్స్ రికార్డులు కోట్లలో ఎన్నడూ అమ్ముడవలేదు. కచేరీలు, చొక్కాలే వాళ్ల అసలు ఆదాయం. కాబట్టి అతనడిగింది పక్క ఆదాయంలో భాగం కాదు, గల్లాపెట్టెలోనే భాగం.

చాలా ఏళ్ల తర్వాత, 2007లో, రిచీ ఇంకో దావా వేశాడు. తాను రాసిన పాటలను ఇంటర్నెట్‌లో అమ్ముకోవడానికి తానెన్నడూ అనుమతి ఇవ్వలేదని దాని సారాంశం. ఆపిల్, వాల్‌మార్ట్ లాంటి అమ్మకందార్లు, రమోన్స్ కంపెనీ, అప్పటికి మరణించిన జానీ ఎస్టేట్ ప్రతివాదులు. 1984 నాటి రికార్డింగు ఒప్పందంలో అప్పటికి ఉన్నవే కాక ఇకముందు రాబోయే అమ్మకపు రూపాలను కూడా కలుపుకునే మాటలున్నాయని, డిజిటల్ అమ్మకం అందులోకే వస్తుందని న్యూయార్క్ ఫెడరల్ కోర్టు 2008లో అతని కాపీరైట్ వాదనను కొట్టేసింది. 1984లో ఎమ్‌పీ3 అన్న మాటే లేదు. అయినా ఆ ఒక్క పదబంధం సరిపోయింది. కొత్తగా చేరేవాడు సంతకం పెట్టేముందు అన్నిటికన్నా నెమ్మదిగా చదవాల్సిన వాక్యం అలాంటిదే.

ఇప్పటి ఆదాయంలో 'సభ్యుడు' అన్న మాటకు ఇంకో విలువ వచ్చింది. అమెరికాలో మామూలు రేడియోలో పాట వస్తే రచయితకు డబ్బొస్తుంది, వాయించినవాళ్లకు రాదు. ఇంటర్నెట్ రేడియో మీద మాత్రం వస్తుంది. సౌండ్ఎక్స్ఛేంజ్ సంస్థ పంచే ప్రతి 100 డాలర్లలో 50 రికార్డింగు హక్కుదారుకు, 45 ప్రధాన కళాకారులకు, 5 పక్క వాయిద్యగాళ్ల నిధికి. నలుగురు సమానంగా పంచుకునే బ్యాండ్‌లో ప్రధాన కళాకారుడిగా లెక్కకొచ్చినవాడికి 11.25 డాలర్లు. పక్క వాయిద్యగాడిగా లెక్కకొస్తే ఆ 5 డాలర్లలో ఎంతో కొంత. అదే రికార్డింగు, అదే చేయి.

కొత్తవాడికి పూర్తి వాటా ఇచ్చిన బ్యాండ్‌లు లేకపోలేదు. డెడ్ కెన్నెడీస్‌లో డీ.హెచ్. పెలిగ్రో 1981లో మొదటి డ్రమ్మర్ టెడ్ బదులుగా వచ్చాడు. అయినా బ్యాండ్ భాగస్వామ్య సంస్థలో జెల్లో బియాఫ్రా, ఈస్ట్ బే రే, క్లాస్ ఫ్లోరైడ్‌లతో పాటు నాలుగో భాగస్వామి అయ్యాడు. దాని పర్యవసానం 17 ఏళ్ల తర్వాత కనబడింది.

పేరు ఎవరిది?

1998లో రే, ఫ్లోరైడ్, పెలిగ్రో కలిసి గాయకుడు బియాఫ్రా మీద దావా వేశారు. అతని రికార్డు కంపెనీ తమకు రాయల్టీ తక్కువ చెల్లించిందని వాళ్ల ఆరోపణ. ఒక పాటను లీవైస్ బట్టల కంపెనీ ప్రకటనకు ఇవ్వనన్నందుకే ఇదంతా అని బియాఫ్రా వాదన. 2000లో జ్యూరీ ముగ్గురి పక్షాన తీర్పిచ్చింది, నష్టపరిహారం సుమారు 2 లక్షల 20 వేల డాలర్లు. 2003లో అప్పీలు కూడా నిలవలేదు. ఈలోపే 2001లో ఆ ముగ్గురూ వేరే గాయకుడితో అదే పేరు మీద కచేరీలు మొదలుపెట్టారు. భాగస్వామ్యంలో మెజారిటీ వాళ్లది. బదులుగా వచ్చిన డ్రమ్మర్ ఓటు, పాటల్లో చాలావాటి మాటలు రాసిన గాయకుడి ఓటుతో సమానం. చట్టానికి గొంతు ఎవరిదన్న పట్టింపు లేదు.

మిస్‌ఫిట్స్ బ్యాండ్‌లో పాత గాయకుడు గ్లెన్ డాన్‌జిగ్, బేసిస్టు జెర్రీ ఓన్లీల తగవు 1995లో రాజీతో ముగిసి, ఆ పేరుతో వాయించే హక్కు ఓన్లీకి దక్కింది. కొత్త గాయకుడు మైఖేల్ గ్రేవ్స్ అలా వచ్చాడు. బ్లాక్ ఫ్లాగ్‌లో 2013లో ఒకే ఏడాది రెండు బృందాలు తిరిగాయి. గిన్‌ది 'బ్లాక్ ఫ్లాగ్', మాజీ సభ్యులది 'ఫ్లాగ్'. వాళ్లను ఆపాలని గిన్ కోరితే కోర్టు తాత్కాలిక ఉత్తర్వు ఇవ్వలేదు. తర్వాత రాజీ కుదిరింది. సెక్స్ పిస్టల్స్‌కు 1998లో రాసుకున్న ఒప్పందముంది, మెజారిటీ మాటే చెల్లాలని. 2021లో ఒక టీవీ సిరీస్‌కు పాటలు ఇవ్వడాన్ని లైడన్ అడ్డుకోబోతే లండన్ హైకోర్టు ఆ ఒప్పందాన్నే చూపించి గిటారిస్టు జోన్స్, డ్రమ్మర్ కుక్‌ల పక్షాన నిలిచింది. పాతవాళ్ల మధ్యే పరిస్థితి ఇలా ఉంటే, నిన్న చేరిన కార్టర్ పేరు మీద హక్కు గురించి అడగడానికేముంది?

అభిమాని లెక్క వేరు

చట్టం తేల్చింది అభిమాని ఒప్పుకోవాలని లేదు. కొందరికి బ్యాండ్ అంటే ఆ నలుగురే, ఒకరు పోయినా అది వేరే బ్యాండ్. కొందరికి పాటలు రాసినవాడు ఉంటే చాలు. ఇంకొందరికి వేదిక ముందు నిలబడ్డప్పుడు ఛాతీకి తగిలే దెబ్బ ముఖ్యం, కొట్టేది ఎవరైతేనేం. లైడన్ లేని పిస్టల్స్‌ను మొదటి రకం వాళ్లు ఈసడించారు, మూడో రకం వాళ్లు గంతులేశారు. అవ్వా కావాలి బువ్వా కావాలి అనుకునేవాళ్లు టికెట్టు కొని, పాత గాయకుడు లేడని గొణుగుతూ చూశారు.

మొదటి రకం వాదనకు గట్టి చిక్కు హెన్రీ రోలిన్స్. 1981లో వాషింగ్టన్‌లో ఐస్‌క్రీం దుకాణం మేనేజరుగా పనిచేస్తున్న 20 ఏళ్ల కుర్రాడు. న్యూయార్క్‌లో బ్లాక్ ఫ్లాగ్ కచేరీకి వెళ్లి, వేదికెక్కి ఒక పాట పాడాడు. కొద్ది రోజుల్లో పరీక్షకు పిలుపొచ్చింది. అప్పటిదాకా పాడుతున్న డెజ్ కెడేనా గిటార్‌కు మారాడు, అంటే వెళ్లాల్సినవాడు వెళ్లకుండానే కుర్చీ ఖాళీ అయింది. రోలిన్స్ ఆ బ్యాండ్‌కు నాలుగో గాయకుడు. అయినా ఇవాళ బ్లాక్ ఫ్లాగ్ అంటే చాలామంది కళ్లముందు మెదిలేది అతనే. అసలు అన్నది మొదటినుంచి ఉన్నవాడేనా, జనం మొదట విన్నవాడా? నా మటుకు ఈ విషయంలో వయసే తీర్పు చెబుతుందనిపిస్తుంది. ఎవరికి పదిహేడేళ్లప్పుడు ఎవరు పాడుతుంటే వాళ్లే అసలు.

సంస్థలు కూడా ఒక్క తీరున లెక్కెయ్యవు. రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ 2003లో క్లాష్‌ను చేర్చుకున్నప్పుడు డ్రమ్మర్లిద్దరినీ, హెడన్‌నూ చైమ్స్‌నూ, కలుపుకుంది. అంతకు ముందటి ఏడాది రమోన్స్ వంతు వచ్చినప్పుడు జోయీ, జానీ, డీ డీ, టామీలతో పాటు మార్కీని తీసుకుంది. నాలుగేళ్లు వాయించి పాటలు కూడా రాసిన రిచీ పేరు లేదు. ఏడేళ్లు వాయించిన సీజే పేరూ లేదు.

జోయీ 2001లో, డీ డీ 2002లో, జానీ 2004లో, టామీ 2014లో చనిపోయారు. బర్క్ 2025లో పోయాడు. మిగిలిన రమోన్లు మార్కీ, రిచీ, సీజే. ముగ్గురూ ఒకరి బదులుగా వచ్చినవాళ్లే, ముగ్గురూ ఆ ఇంటిపేరుతోనే ఎవరి బృందం వాళ్లు పెట్టుకుని పాత పాటలు వాయించినవాళ్లే. బ్యాండ్ కంపెనీ మాత్రం జోయీ తమ్ముడు మిక్కీ లీ, జానీ భార్య లిండాల చేతిలో ఉంది. చెరి సగం. దాని నిర్వహణ మీద వాళ్లిద్దరి మధ్య కోర్టు వ్యాజ్యాలు నడిచాయి. రమోన్స్‌లో ఆ ఇద్దరూ ఎన్నడూ సభ్యులు కారు. ఇవాళ ఎక్కడ ఆ గద్ద బొమ్మ చొక్కా అమ్ముడైనా, హక్కు ప్రకారం లెక్క చేరాల్సింది అక్కడికే.